రిఫ్‌లోనే మెలొడీ: మెటల్ ఆల్బం చేస్తున్న మారతహళ్లి మిత్రులకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. బెంగళూరు మారతహళ్లిలో ఐదుగురు తెలుగువాళ్లు కలిసి బ్యాండ్ పెట్టారు, ఎనిమిది పాటల ఆల్బం రికార్డు చేస్తున్నారు. గిటార్ల శ్రుతి బాగా కిందికి దించి, డిస్టార్షన్ (గిటారు శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్) నిండుగా పెట్టి వాయిస్తే హెవీగానే ఉంటోంది కానీ పాట అయిపోయాక ఒక్క స్వరమూ మనసులో మిగలడం లేదు. మెలొడీ కోసం కోరస్‌లో, అంటే పల్లవిలో, డిస్టార్షన్ తగ్గించి మామూలు గొంతుతో పాడిస్తే, మధ్యలో ఎవరో వేరే బ్యాండ్ వాళ్లు వచ్చి వాయించి వెళ్లినట్టుంది. ఏడు తీగల గిటారు కొనాలా, కర్ణాటక రాగాలు కలిపితే కుదురుతుందా, ఏ ఆల్బం విని నేర్చుకోవాలి అని మూడు ప్రశ్నలు. మీరు పెట్టిన రెండు డెమోలనూ హెడ్‌ఫోన్లలోనూ, గదిలో స్పీకర్ల మీదా విన్నాను. ఈ ఊళ్లో చాలా ఏళ్లుగా గిటారు వాయిస్తూ, బ్యాండ్లను రికార్డు చేస్తూ వస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

మీ ఇబ్బంది మిక్సింగ్‌లో (ట్రాకులన్నీ కలిపే పనిలో) లేదు, పాట కట్టుకున్న తీరులో ఉంది. బరువంతా చరణానికి, మెలొడీ అంతా కోరస్‌కు పంచేశారు. అలా పంచితే రెండూ బలహీనపడతాయి. చరణంలో స్వరం లేదు గనక అది చప్పుడుగా మిగిలింది. కోరస్ కింద బలం లేదు గనక అది తేలిపోయింది. మెలొడీ రిఫ్‌లోనే, అంటే గిటారు మీద మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వరసలోనే పుట్టాలి. హెవీగా వాయించే ఆ రిఫ్‌నే గిటారు లేకుండా, నడుస్తూ నడుస్తూ కూనిరాగం తీయగలగాలి. మీ మొదటి డెమోలో అలా పాడుకోగలిగిన రిఫ్ నాకు ఒక్కటే దొరికింది, నాలుగో నిమిషంలో వచ్చేది. దాన్ని మీరు నాలుగుసార్లు వాయించి వదిలేశారు. నా లెక్కలో అసలు పాట అక్కడే మొదలవ్వాలి.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, మిగతా రెండింటి జవాబు కూడా అందులోనే ఉంది. ఒక్క ఆల్బమే చెప్పమంటే స్వీడన్ బ్యాండ్ ఎట్ ద గేట్స్ 1995లో తెచ్చిన ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ పేరు చెబుతాను. గోథెన్‌బర్గ్‌లోని స్టూడియో ఫ్రెడ్‌మన్‌లో ఫ్రెడ్రిక్ నార్డ్‌స్ట్రోమ్ దగ్గర రికార్డు చేశారు. ఆండర్స్ బ్యోర్లర్, మార్టిన్ లార్సన్ గిటార్లు, ఆండర్స్‌తో కవలగా పుట్టిన యోనాస్ బ్యోర్లర్ బేస్, ఆడ్రియన్ ఎర్లాండ్‌సన్ డ్రమ్స్, తోమస్ లిండ్‌బెర్గ్ గొంతు. పదకొండు ట్రాకులు, అన్నీ కలిపి 34 నిమిషాలు. ఆ ఏడాదే అదే ఊరి డార్క్ ట్రాంక్విలిటీ ‘ద గ్యాలరీ’ తెచ్చింది, మరుసటి ఏడాది ఇన్ ఫ్లేమ్స్ ‘ద జెస్టర్ రేస్’ తెచ్చింది. ఈ మూడింటి తర్వాత గోథెన్‌బర్గ్ పేరు చెబితే మెలొడిక్ డెత్ మెటల్ గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. ఎట్ ద గేట్స్ 1996లోనే విడిపోయింది, మళ్లీ కలిసి 2014లో కొత్త ఆల్బం చేసింది. లిండ్‌బెర్గ్ 2025లో చనిపోయారు. ఆ వార్త తెలిసిన రోజు ఈ ఆల్బం మొదటి నుంచి చివరిదాకా మళ్లీ విన్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా తీసేయదగ్గ రిఫ్ ఒక్కటీ కనపడలేదు.

అందులో గమనించాల్సింది ఇది. లిండ్‌బెర్గ్ ఎక్కడా రాగం తీసి పాడరు. ఆల్బం అంతా అరుపే. అరుపుకు నిలకడైన స్థాయి ఉండదు, కాబట్టి స్వరం చెప్పే పని పూర్తిగా గిటార్ల మీద పడింది. గొంతు లయను, కోపాన్ని మోస్తుంది. గిటారు రాగాన్ని మోస్తుంది. ఒకరి పని ఇంకొకరు చేయరు. మీ రెండో డెమోలో కోరస్ రాగానే గొంతు, రెండు గిటార్లు, వాటిపైన కీబోర్డు కూడా ఒకే మెలొడీని వాయించాయి. అన్నీ ఒకేచోట పోగుపడితే కింద నేల ఖాళీ అయిపోతుంది. ‘స్లాటర్ ఆఫ్ ద సోల్’ ఐదో ట్రాకు విన్నప్పుడు ఇంకోటి గమనించండి. దాదాపు ఆల్బం నడిమధ్యలో, గొంతు లేని చిన్న అకూస్టిక్ ముక్క ఒకటి పెట్టారు. అది అక్కడ లేకపోతే ఆరో పాట అంత గట్టిగా తగలదు. మీరు మెత్తదనాన్ని ప్రతి పాటలోనూ కోరస్‌కు కొంచెం కొంచెం పంచారు. వాళ్లు ఒక్కచోట మొత్తంగా ఇచ్చి మిగతా చోట్ల కాపాడుకున్నారు.

దీనికి ముందుమెట్టుగా లివర్‌పూల్ బ్యాండ్ కార్కస్ 1993లో కోలిన్ రిచర్డ్‌సన్‌తో చేసిన ‘హార్ట్‌వర్క్’ వినండి. అంతకుముందు ఆ బ్యాండ్ వాయించినదాంట్లో స్వరం వెతుక్కోవాల్సి వచ్చేది. ‘హార్ట్‌వర్క్’లో బిల్ స్టీర్, మైకేల్ ఆమట్ ఒకరికొకరు బదులిచ్చుకునే సోలోలు, జంటగా నడిచే గిటార్లు అన్నీ స్పష్టంగా వినిపిస్తాయి, కోత మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఇప్పుడు రిఫ్ దగ్గరికి వద్దాం. చేత్తో చేసి చూస్తేనే తెలిసే సంగతి ఇది, గిటారు పట్టుకుని చదవండి. ఆరో తీగను ఖాళీగా, అరచేతి అంచు ఆనించి మూసి మీటండి. దాన్ని షడ్జమం అనుకోండి. రెండుసార్లు మూసిన షడ్జమం, మూడోది తెరిచిన స్వరం. అలా నాలుగు ముక్కలు: స స గ, స స రి, స స ద, స స ప. గాంధారం సాధారణం, రిషభం చతుశ్రుతి, ధైవతం శుద్ధం. మామూలు శ్రుతిలో ఉన్న గిటారు మీద ఇవి ఇ ఇ జి, ఇ ఇ ఎఫ్ షార్ప్, ఇ ఇ సి, ఇ ఇ బి అవుతాయి. మూసిన తీగ వినేవాళ్ల గుండెకు కొడుతుంది, తెరిచిన స్వరం చెవికి పాటవుతుంది. ఒకే చెయ్యి, ఒకే గిటారు, రెండు పనులూ జరిగిపోయాయి. ఈ పద్ధతికి మెటల్‌లో ఎనభైల నుంచీ వాడుక ఉంది. ఎట్ ద గేట్స్ దాన్ని అంతకుముందున్న బ్యాండ్లకంటే చిక్కగా, పొదుపుగా వాడింది.

ఇప్పుడు ఆ రిషభాన్ని ఒక్క మెట్టు కిందికి, శుద్ధ రిషభానికి దించండి. చీకటి పడుతుంది. నటభైరవి నుంచి హనుమతోడికి వచ్చేశారు. పాశ్చాత్యులు దీన్నే ఫ్రిజియన్ అంటారు. మెటల్ రిఫ్‌లలో సగానికి పైగా ఈ రెండింటి మధ్యే తిరుగుతుంటాయని నా అనుభవం. చరణమంతా శుద్ధ రిషభంతో నడిపి, కోరస్‌లో అదే రిఫ్‌ను చతుశ్రుతి రిషభంతో వాయించి చూడండి. డిస్టార్షన్ తగ్గించలేదు, వేగం మార్చలేదు, అయినా కిటికీ తెరుచుకున్నట్టు వెలుతురు వస్తుంది. మీకు కావాల్సిన కోరస్ ఇదే.

తర్వాత రెండో గిటారు. మొదటి గిటారు తెరిచి వాయించిన ప్రతి స్వరానికీ, అదే మేళంలో ఒక స్వరం విడిచి పై స్వరం ఇవ్వండి. గాంధారం మీద పంచమం, రిషభం మీద మధ్యమం, ధైవతం మీద పై షడ్జమం, పంచమం మీద నిషాదం. ఐరన్ మెయిడెన్‌లో డేవ్ మరే, ఏడ్రియన్ స్మిత్ వాయించిన జంట గిటార్ల నుంచి అందరూ నేర్చుకున్నది ఇదే. 2007 మార్చి 17న వాళ్లు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వాయించినప్పుడు జనంలో నేనూ ఉన్నాను. మా చుట్టూ ఉన్నవాళ్లు పాట మాటలకంటే గట్టిగా గిటారు వరసలను పాడారు. మాటలు రానివాళ్లకు కూడా గిటారు వరస నోటికి వచ్చింది. మంచి మెటల్ మెలొడీ అంటే అదని ఆ సాయంత్రం నాకు ఖాయమైపోయింది.

అయితే ఇక్కడ మీ రెండో డెమోలో పెద్ద పొరపాటు జరిగింది, దాని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను. రెండో నిమిషంలో వచ్చే జంట స్వరాలను ఒకే గిటారు మీద, రెండు తీగలు కలిపి మీటారు. అందుకే అక్కడ గరగరమంటోంది. మీరు ఈక్యూతో (పౌనఃపున్యాలను పెంచి తగ్గించే సాధనంతో) ఎంత తోమినా ఆ గరగర పోదు. కారణం డిస్టార్షన్ స్వభావంలోనే ఉంది. రెండు స్వరాలు కలిసి ఒకే ఆంప్ (గిటారు యాంప్లిఫయర్) గుండా వెళ్తే, డిస్టార్షన్ వాటి పౌనఃపున్యాల మొత్తాలను, తేడాలను కొత్త స్వరాలుగా పుట్టిస్తుంది. ఐదో తీగ ఖాళీగా మీటితే 110 హెర్ట్జ్. దాని పంచమం 165. తేడా 55, అంటే సరిగ్గా మంద్రస్థాయి షడ్జమం. గిటారు మీద ఎవరూ మీటని ఆ స్వరం ఆంప్‌లోంచి దానంతటదే వస్తుంది. స ప కలిపిన పవర్ కార్డ్‌కు అంత బలం అక్కడి నుంచే. ఇక 110కి పైన సాధారణ గాంధారం 131 దగ్గర ఉంటుంది. తేడా 21. అది స్వరంగా వినిపించేంత ఎత్తులో లేదు, అడుగున ఉండి అంతా కదిలిస్తుంది. పైస్థాయిలో 440కి అంతర గాంధారం 554 తీసుకుంటే తేడా 114. మీ షడ్జమం 110 పక్కనే శ్రుతి తప్పిన ఇంకో షడ్జమం వచ్చి కూర్చుంటుంది. చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది, ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం చెప్పలేదు.

అందుకని ఒక గిటారు ఒక వేళలో ఒక్క స్వరమే పాడాలి, లేదా స ప జంట వాయించాలి. జంట స్వరం కావాలంటే రెండో మనిషి, రెండో ఆంప్. ఒకటి ఎడమకు, ఒకటి కుడికి. రెండూ గాలిలో కలవాలి తప్ప వైరులో కలవకూడదు. మిక్సింగ్‌లో కూడా ఇదే జాగ్రత్త: రెండు లీడ్ గిటార్లను ఒకే బస్ ట్రాక్‌కు (ట్రాకులను కలిపే ఉమ్మడి ట్రాకుకు) పంపి దాని మీద డిస్టార్షన్ లాంటి సాచురేషన్ ప్లగిన్ వేయకండి. స్టూడియోలో విడివిడిగా కష్టపడి తెచ్చుకున్నదంతా అక్కడ మళ్లీ కలిసిపోతుంది.

ఏడు తీగల గిటారు విషయం. కొనవద్దనను, ఈ ఆల్బం కోసం మాత్రం అవసరం లేదు. బరువు శ్రుతి లోతులోనే ఉంటుందనుకుంటారు. బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీ ప్రమాదంలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నారు. ఎడమచేతి వాటం కావడంతో తీగలు నొక్కేది ఆ కుడిచేత్తోనే. తీగలు వదులుగా ఉంటే ఆ వేళ్లకు సుఖం. 1971 నాటి ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో సి షార్ప్ దాకా దించారు. నొప్పి తగ్గడానికి దొరికిన దారి తర్వాత అందరికీ హెవీ శబ్దంగా నచ్చింది. కార్కస్ ‘హార్ట్‌వర్క్’ బి శ్రుతిలో వాయించింది. అటు స్వీడన్ బ్యాండ్ ఓపెత్ 2001లో ‘బ్లాక్‌వాటర్ పార్క్’ చేసినప్పుడు చాలావరకు మామూలు ఇ శ్రుతిలోనే ఉంది. అదే స్టూడియో ఫ్రెడ్‌మన్, నిర్మాణంలో స్టీవెన్ విల్సన్ తోడు. వాళ్ల గాయకుడు మిఖాయెల్ ఓకర్‌ఫెల్ట్ గర్జన విన్నాక ఆ ఆల్బం తేలిగ్గా ఉందని ఎవరూ అనరు. పది నిమిషాల పాటలో హెవీ భాగం నుంచి అకూస్టిక్ గిటారుకు, మామూలు గొంతుకు దిగి మళ్లీ పైకి లేస్తారు. మీకు కోరస్‌లో మామూలు గొంతే కావాలనుకుంటే అనుసరించాల్సిన ఆల్బం ఇది. కానీ చూడండి, వాళ్లు అలా దిగడానికి రెండు మూడు నిమిషాలు నేల సిద్ధం చేస్తారు. మీ పాటలు నాలుగు నిమిషాలవి. ఆ నిడివిలో ఎట్ ద గేట్స్ దారే మీకు సరిపోతుంది.

మీ శ్రుతి దగ్గర ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు పది నంబరు (సన్నపాటి) తీగల సెట్టు వేసి డ్రాప్ ఎ దాకా, అంటే కింది తీగ ఎ స్వరం పలికేదాకా దించామని రాశారు. అంత వదులైన తీగను గట్టిగా మీటితే మొదటి క్షణంలో స్వరం పైకి లేచి, తర్వాత కిందికి వచ్చి స్థిరపడుతుంది. రెండు గిటార్లూ అలా చేస్తే, ఇద్దరూ ట్యూనర్ చూసుకునే వాయించినా ప్రతి మీటుకూ శ్రుతి కలవదు. మెలొడీ నిలవకపోవడానికి సగం కారణం ఇదే అని నా నమ్మకం. సి దాకా పైకి రండి, కింది తీగ 56 లేదా 58 మందం ఉన్న సెట్టు వేయండి, తర్వాత ఇంటొనేషన్ సరిచేయించండి. వంతెన మీద తీగ పొడవు సర్దే పని అది, తెలిసినవాళ్లకు అరగంట పడుతుంది. బేస్ గిటారుకూ అదే పని చేయించాలి, దాన్ని ఎక్కువమంది మరచిపోతారు.

మీరు బరువు కోసం గిటారును అడుగుతున్నారు, నిజానికి ఆ బరువు ఎక్కువగా బేస్ గిటారుదే. సి శ్రుతిలో గిటారు కింది తీగ 65 హెర్ట్జ్, బేస్‌ది దానికి సగం. గిటారులో 80 నుంచి 100 హెర్ట్జ్ కింద ఉన్నదంతా హై పాస్ ఫిల్టర్‌తో తీసేయండి. ఒంటరిగా వింటే గిటారు పలచబడినట్టు అనిపిస్తుంది, భయపడకండి. ఆ చోటులోకి బేస్ వస్తుంది. బేస్‌ను రెండు ట్రాకులు చేసుకోండి: ఒకటి శుభ్రంగా, అడుగు కోసం. ఇంకోటి కొద్దిగా డిస్టార్షన్‌తో, ఫోను స్పీకర్లో కూడా బేస్ ఏం వాయిస్తోందో తెలియడానికి. పైన గిటార్లు మెలొడీలో తిరుగుతున్నప్పుడు బేస్ మాత్రం మూల స్వరాన్ని వదలకూడదు. మీ బేస్ వాయించే ఆయన చెయ్యి బాగుంది, కానీ లీడ్ భాగాల్లో గిటారుతో పాటు పైకి వెళ్లిపోతున్నారు. అందుకే అక్కడ పాట గాలిలో వేలాడుతోంది.

డిస్టార్షన్ గురించి: మీరిప్పుడు పెట్టినదాంట్లో దాదాపు మూడో వంతు తగ్గించండి. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) పెరిగేకొద్దీ మీటిన తొలి దెబ్బ మెత్తబడుతుంది, మూసిన స్వరానికీ తెరిచిన స్వరానికీ తేడా పోతుంది. మనం పైన కట్టుకున్న స స గ అంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది. రికార్డులో గోడలా వినిపించే గిటారు ఒక్క టేకు కాదు, ఒకే భాగాన్ని రెండుసార్లు వేరువేరుగా వాయించి ఎడమకూ కుడికీ పెట్టినది. ఒకే టేకును నకలు తీసి రెండు వైపులా పెడితే అది మధ్యలోనే ఉండిపోతుంది, వెడల్పు రాదు. రెండుసార్లు కచ్చితంగా ఒకేలా వాయించడం కష్టమైన పని, ఆల్బం ఖర్చులో అతి ముఖ్యమైన గంటలు అవే. మైకులు పెట్టడంలో స్టూడియో ఫ్రెడ్‌మన్ పేరుతోనే ఒక పద్ధతి ఉంది: రెండు ఎస్‌ఎం 57 మైకులు, ఒకటి స్పీకర్‌కు నేరుగా, ఒకటి పక్కనే వాలుగా, రెండింటి కొనలూ స్పీకర్ నుంచి ఒకే దూరంలో. వాలు మైకు పెంచితే స్వరం నిండుతుంది, నేరు మైకు పెంచితే కోత పెరుగుతుంది. ఈక్యూ ముట్టుకోకుండానే సగం పని అయిపోతుంది.

ఇక కర్ణాటక రాగాల ప్రశ్న. మీలో ఇద్దరు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నారని రాశారు, అది మీ బ్యాండ్‌కు పెద్ద బలం. కానీ పాట మొదట్లో వీణ ముక్క పెట్టి, తర్వాత మామూలు మెటల్ వాయించి, చివర మళ్లీ వీణ పెట్టే పద్ధతి నాకు నచ్చదు. అలంకారంగా తగిలించిన రాగం వాద్యం మారగానే ఊడిపోతుంది. మేళాలు ఎలాగూ మీ రిఫ్‌లలో ఉన్నాయి. మెటల్ వాళ్లు హార్మోనిక్ మైనర్ అనేది మన కీరవాణి. పంచమం నుంచి దాన్నే మొదలుపెడితే వకుళాభరణం వస్తుంది, గిటారు సోలోలలో తరచూ వినిపించేది. సరళీ వరసలు నేర్చుకున్న మాయామాళవగౌళ కూడా డిస్టార్షన్‌లో బాగా నిలబడుతుంది: శుద్ధ రిషభం షడ్జమానికి, శుద్ధ ధైవతం పంచమానికి ఒరుసుకుంటూ ఉంటాయి కాబట్టి. గమకం విషయంలో జాగ్రత్త. ఒంటి గిటారు సోలోలో తీగ వంచి గమకం పలికించవచ్చు, ఎక్కువ డిస్టార్షన్‌లో అది నిజంగా అందంగా ఉంటుంది. జంట గిటార్లు నడిచేచోట మాత్రం ఇద్దరి గమకమూ ఒకేలా పడదు, అక్కడ స్వరాలను సూటిగా పలికించండి.

నన్నడిగితే మీరు అక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది రాగంకంటే లయ. చామరాజపేట ఫోర్టు హైస్కూలు మైదానంలో శ్రీరామసేవా మండలి వాళ్ల రామనవమి కచేరీలు జరుగుతాయి, వేసవిలో ఒక సాయంత్రం మీ డ్రమ్మర్‌ను తీసుకుని వెళ్లండి. మృదంగం ఒంటరిగా వాయించే తని ఆవర్తనంలో, దాన్ని ముగించే ముక్తాయింపు దగ్గర చెవి పెట్టమనండి. ఒకే ముక్క మూడుసార్లు వచ్చి సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడే క్షణంలో మైదానం మొత్తం తల ఊపుతుంది. మెటల్‌లో బ్రేక్‌డౌన్ (పాట మధ్యలో బరువుగా, దెబ్బలుగా వాయించే భాగం) చేయాల్సిన పని కూడా అదే. 4/4లో, అంటే నాలుగు దెబ్బల తాళంలో, ఒక కొలతను పదహారు చిన్న మాత్రలుగా తీసుకోండి. తకధిమి నాలుగు, మౌనం రెండు, తకధిమి నాలుగు, మౌనం రెండు, తకధిమి నాలుగు. లెక్క పదహారు. తర్వాతి కొలత మొదటి దెబ్బ మీద అందరూ కలిసి పడతారు. గిటార్లు, కిక్ డ్రమ్ కలిసి తకధిమిలు వాయించాలి. ఆ రెండు మాత్రల మౌనంలో నిజంగా మౌనం ఉండాలి, తీగలు చేత్తో మూసేయాలి, సింబల్ మోగుతుంటే పట్టుకోవాలి. శబ్దం ఆగినచోటే తర్వాతి శబ్దం బరువు తెలుస్తుంది. మీ మొదటి డెమోలో ఎక్కడా ఒక్క క్షణం నిశ్శబ్దం లేదు.

డ్రమ్స్ గురించి ఇంకొక్క మాట. నాకు నచ్చిన ఆ నాలుగో నిమిషం రిఫ్‌ను వేగంగా రెండుసార్లు వాయించాక, గిటారు ఏమీ మార్చకుండా డ్రమ్స్‌ను మాత్రం సగం వేగానికి దించండి, స్నేర్ కొలతకు ఒక్కసారే పడేలా. రెండో కాలం నుంచి మొదటి కాలానికి వచ్చినట్టు ఉంటుంది. స్వరాలు అవే కాబట్టి మెలొడీ చెదరదు, బరువు మాత్రం రెట్టింపవుతుంది.

మీరు తెలుగులో పాడటం నాకు చాలా సంతోషంగా ఉంది. మన మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి గర్జన చివర సాగదీయడానికి వీలుంటుంది, ఆ, ఓ ఉన్న మాటలు వాక్యం చివర పడేలా రాసుకోండి. ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు స్నేర్ దెబ్బ మీద పడేలా చూడండి. రెండో డెమోలో రెండో చరణం అలాగే కుదిరింది, అక్కడ మాట స్పష్టంగా అర్థమైంది కూడా.

మన ఊరి ఉదాహరణ కావాలంటే క్రిప్టోస్ వినండి. 1998లో ఇక్కడ మొదలైన బ్యాండ్, 2013లో జర్మనీలో వాకెన్ ఉత్సవంలో వాయించింది. ‘బర్న్ అప్ ద నైట్’ 2016లో వచ్చింది. గొంతు గరుకు, గిటార్లు మాత్రం పాత హెవీ మెటల్ పద్ధతిలో జంటగా పాడతాయి. మీరు వెతుకుతున్న కూడిక అదే. అవకాశం దొరికితే ప్రత్యక్షంగా చూసి, ఒక గిటారు మెలొడీలోకి వెళ్లినప్పుడు రెండోది ఏం చేస్తోందో మాత్రమే గమనించండి.

మాస్టరింగ్ (విడుదలకు ముందు చివరిగా శబ్దం సరిచేసే పని) గురించి మీరు అడగలేదు కానీ రెండు డెమోలూ తరంగ చిత్రంలో ఇటుకల్లా కనపడ్డాయి, అందుకే చెబుతున్నాను. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు శబ్దం అతిగా నొక్కేశారని అభిమానులే గొడవ చేశారు, అంత పెద్ద బ్యాండ్‌కే ఆ మాట తప్పలేదు. ఇప్పుడు స్పాటిఫై లాంటివి పాటలన్నిటినీ ఇంచుమించు మైనస్ 14 లఫ్స్ (వినిపించే గట్టిదనానికి కొలమానం) దగ్గరికి తెచ్చి వినిపిస్తాయి, అంటే మీరు ఎంత గట్టిగా నొక్కినా వాళ్లు తగ్గించేస్తారు. పోయిన స్నేర్ దెబ్బ మాత్రం తిరిగి రాదు. మిక్స్ మీద ఉన్న లిమిటర్ (శిఖరాలను నొక్కేసే సాధనం) తీసేసి, శిఖరాలు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా, 24 బిట్ వేవ్ ఫైళ్లు తీసి మాస్టరింగ్‌కు ఇవ్వండి. అంతకుముందు సి శ్రుతిలో, కొత్త తీగలతో, ఆ నాలుగో నిమిషం రిఫ్‌ను పాట మొదట్లో పెట్టి ఒక్క పాట మళ్లీ రికార్డు చేసి ఇక్కడ పెట్టండి. గిటారు ట్రాకులు విడివిడిగా పెడితే ఎడమ, కుడి శ్రుతి ఎక్కడ విడిపోతోందో సెకన్లతో సహా రాసి పంపుతాను.